పెరటి కూరగాయలు – ఆకుతినే పురుగులు



మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే మన సికిందరాబాదులో చాలా ఇళ్ళ పెరళ్ళలో ఒక పని మొదలవుతుంది. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో గాని, మారేడుపల్లి పాత ఇళ్ళలో గాని, అల్వాల్, బొల్లారం వైపు కాస్త జాగా ఉన్న ఇళ్ళలో గాని చూడండి. ఇంటి వెనుక పది అడుగుల నేల ఉంటే చాలు, నాలుగు వంగ మొక్కలు, రెండు సాళ్ళ బెండ, గోడ పక్కన బీరపాదు, మూలన మునగచెట్టు, వంటింటి గుమ్మం దగ్గర కరివేపాకు కనిపిస్తాయి. నేల లేనివారు మిద్దె మీద కుండీలలో తోటకూర, పాలకూర చల్లుకుంటున్నారు. సంచి పట్టుకొని మోండా మార్కెట్టుకు పోకుండానే ఒక పూట కూర ఇంట్లోనే దొరికితే ఆ సంతోషమే వేరు.

అయితే మొక్క పచ్చబడిన పదిహేను రోజులకే పిలవని చుట్టాలు కూడా వస్తారు. రాత్రి నిండుగా ఉన్న ఆకు తెల్లవారేసరికి జల్లెడలా కనిపిస్తుంది. ఇంటివారు కంగారుపడి "ఏదో ఒక మందు చెప్పండి" అని అడుగుతారు. ఏదో ఒక మందు కొట్టడం వల్ల వచ్చే నష్టం పురుగు వల్ల వచ్చే నష్టం కంటె ఎక్కువగా ఉండవచ్చును. కాబట్టి ఈ రోజు మందు సంగతి చివరకు పెట్టుకొని, ముందుగా పురుగును గుర్తుపట్టే సంగతి మాట్లాడుకుందాము.

నేను వ్యవసాయ డిప్లొమా చదివి విస్తరణాధికారిగా పనిచేస్తున్నవాణ్ణి. నా పొరపాటుతోనే మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో లాలాగూడ వైపు ఒక ఇంటికి వెళ్ళాను. ఇంటి పెద్దావిడ చిక్కుడు పాదు చూపించింది. తీగల మీద ఎర్రని, నల్ల చుక్కల పురుగులు తిరుగుతున్నాయి. నేను చదువుకున్నది గుర్తు తెచ్చుకొని, "పెద్దమ్మా, ఇవి అక్షింతల పురుగులు. ఆకుపచ్చదనాన్ని గీకి తింటాయి. ఏరి చంపించండి" అని చెప్పి వచ్చేశాను. ఆవిడా, మనుమలూ కలిసి రెండు రోజులు శ్రమపడి ఒక సీసా నిండా ఏరారు. పది రోజుల తరువాత వెళ్ళి చూస్తే చిక్కుడు చివుళ్ళన్నీ నల్లగా పేనుబంకతో నిండిపోయి ఉన్నాయి. ఆకులు జిగటగా ఉన్నాయి. చీమలు బారులు తీరి తిరుగుతున్నాయి.

ఆవిడ కోపపడలేదు గాని ఒక మాట అన్నది. "సారూ! మీరు చెప్పినట్టే చేసినం. ఉన్న పురుగు పోయింది, లేని పురుగు వచ్చింది."

సంగతేమిటంటే, ఆ పేనుబంక అప్పటికే చివుళ్ళలో కొద్దిగా ఉన్నది. నేను చూడలేదు. ఆ చుక్కల పురుగులు దాన్ని తినడానికి వచ్చిన మేలు చేసే పురుగులు. నేను కాపలావాణ్ణి దొంగ అనుకొని పట్టించాను. ఆ రోజు నుండి ఏ పెరట్లోకి వెళ్ళినా ముందు ఆకు వెనుక చూడకుండా నోరు విప్పడం మానేశాను.

ఈ పొరపాటు ఎవరికైనా జరగవచ్చును. ఎందుకంటే మనవాళ్ళు రెండింటినీ అక్షింతల పురుగు అనే పిలుస్తారు. ఒకటి ఆకు తింటుంది, మరొకటి ఆకును పాడుచేసే పురుగును తింటుంది. ఈ రెండింటికీ ఉన్న తేడాలు జాగ్రత్తగా వినండి.

ఆకు తినే అక్షింతల పురుగు ముఖ్యంగా వంగ మీద, కాకర మీద కనిపిస్తుంది. దాని వీపు రాగి రంగులో మసకగా ఉంటుంది. దగ్గరగా చూస్తే సన్నని నూగు కనిపిస్తుంది. వీపు మీద చుక్కలు చాలా ఉంటాయి. ఒక రకానికి 28 చుక్కలు, మరొక రకానికి 12. మేలు చేసే అక్షింతల పురుగు వీపు నూనె రాసినట్లు నున్నగా మెరుస్తుంది. చుక్కలు తక్కువ. ఒక రకానికి 7 చుక్కలుంటాయి. మరొక రకానికి చుక్కలకు బదులు వంకర గీతలుంటాయి.

పిల్ల పురుగులలో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఆకు తినేదాని పిల్ల పసుపు రంగులో పొట్టిగా ఉండి, ఒంటి నిండా కొమ్మలు కొమ్మలుగా ముళ్ళుంటాయి. కదలమంటే కదలదు. మేలు చేసేదాని పిల్ల నల్లగా, పొడుగ్గా, అక్కడక్కడ నారింజ మచ్చలతో చిన్న మొసలి పిల్లలా ఉంటుంది. పేనుబంక కోసం చురుకుగా పరుగెత్తుతుంది. దీన్ని చూసి భయపడి చంపేవారు చాలామంది. చంపకండి. ఇది పెద్ద పురుగుకు తీసిపోకుండా పేనుబంకను తింటుంది.

ఇక గుడ్లు. రెండూ పసుపు పచ్చని గుడ్లే పెడతాయి, నిలబెట్టినట్లు గుంపుగానే పెడతాయి. ఇక్కడ గుడ్డును బట్టి కాక చుట్టుపక్కల చూసి నిర్ణయించుకోవాలి. పక్కన పేనుబంక ఉంటే అవి మనవాటి గుడ్లు కావచ్చును, వదిలిపెట్టండి. వంగ ఆకు అడుగున ఉండి, పక్కనే ఆకు గీకినట్లుండి ఈనెలు బయటపడి ఉంటే నలిపివేయండి.

ఇంకొక చిన్న పురుగు కూడా ఉన్నది. గుమ్మడి, బెండ ఆకుల మీద తెల్లని బూడిద తెగులు వచ్చినప్పుడు నిమ్మపండు రంగులో ఒక చిన్న అక్షింతల పురుగు కనిపిస్తుంది. అది ఆ బూడిదనే తింటుంది. దాన్నీ తాకవద్దు. అలాగే ఆరుద్ర కార్తెలో ఎర్రని మఖమల్ గుడ్డలా నేల మీద పాకే ఆరుద్ర పురుగు మన పిల్లలందరికీ తెలుసు. దాని వల్ల మొక్కకు నష్టం లేదు.

ఇప్పుడు పురుగు కనబడకపోయినా ఆకును బట్టి దొంగను పట్టే పద్ధతి చెబుతాను. ప్రతి పురుగుకూ ఒక తిండి అలవాటు ఉన్నది.

ఆకులో ఈనెలు మిగిలి, మధ్య పచ్చదనం మాత్రమే గీకి ఉంటే అక్షింతల పురుగు. ఆకు ఒక పక్క అంతా పలుచని కాగితంలా తెల్లబడి ఉంటే పొగాకు లద్దె పురుగు పిల్లలు గుంపుగా మేస్తున్నాయని అర్థం. ఆకులకు పెద్ద పెద్ద కంతలు పడి, కింద నల్లని పెంటికలు రాలి ఉంటే పెద్ద లద్దె పురుగు ఎక్కడో దాగి ఉన్నది. రెండు పప్పుల దశలో ఉన్న బీర, దోస, గుమ్మడి మొలకకు గుండ్రని చిల్లులు పడితే ఎర్ర గుమ్మడి పెంకు పురుగు. ఆకు మీద తెల్లని వంకర గీతలు, పాము పాకినట్లు ఉంటే ఆకు తొలిచే పురుగు. దీన్నే పాముపొడ అంటారు. ఆకు బీడీలా చుట్టుకొని దారాలతో అతికి ఉంటే ఆకుచుట్టు పురుగు లేక గూడు పురుగు. ఆకు అంచులు కొరికి, పగలు మొక్క కదిలిస్తే ఏదో ఎగిరి దూకితే మిడత. ఆకు మీద మెరిసే జిగురు గీత ఎండి ఉంటే నత్త.

ఈ గుర్తులు పట్టుకొని ఉదయం ఏడు గంటల లోపల ఒకసారి, రాత్రి ఎనిమిది తరువాత దీపం తీసుకొని ఒకసారి తోటలో తిరగండి. వారానికి రెండు రోజులు ఇలా చేస్తే చాలు. పెరటి తోటకు ఇంతకంటె మంచి మందు లేదు.

ఇప్పుడు ఒక్కొక్క పురుగు సంగతి చూద్దాము.

మొదట పొగాకు లద్దె పురుగు. పేరుకు పొగాకు గాని, ఇది టమాట, క్యాబేజి, బచ్చలి, చిక్కుడు, మిరప, ఆముదం దేన్నీ వదలదు. తల్లి రెక్కల పురుగు ఆకు మీద వందల గుడ్లు ఒకేచోట పెట్టి, తన ఒంటి మీది గోధుమరంగు నూగుతో కప్పుతుంది. అది చూడడానికి ఆకుకు అంటుకున్న దూది ముక్కలా ఉంటుంది. ఆ ఒక్క ఆకు తుంచి నలిపేస్తే వందల పురుగులు పుట్టకముందే పోయినట్లు. గుడ్లు మూడు నుంచి ఐదు రోజులలో పగులుతాయి. పిల్లలు కొద్ది రోజులు ఆ ఆకు మీదనే గుంపుగా ఉంటాయి. అప్పుడు కూడా ఒక ఆకుతో పని తీరుతుంది. అవి పెరిగి విడిపోయిన తరువాత పగలు మట్టి పెళ్ళల కింద, ఎండాకుల కింద దాక్కొని రాత్రి మేస్తాయి. ఆ దశలో ఏ మందూ సరిగా పనిచేయదు. దీపం పట్టుకొని ఏరడమే.

దీనికి ఆముదం మొక్కంటే మహా ఇష్టం. తోట చుట్టూ నాలుగు ఆముదపు విత్తనాలు వేయండి. తల్లి పురుగు గుడ్లు అక్కడ పెడుతుంది. ఆ నాలుగు మొక్కలు రోజూ చూసుకుంటే మిగతా తోట చాలా వరకు తేలికపడుతుంది. కాని ఆముదం వేసి చూడడం మరిచిపోతే పురుగులకు మనమే ఇల్లు కట్టించినట్లు అవుతుంది.

రెండవది ఎర్ర గుమ్మడి పెంకు పురుగు. నారింజ ఎరుపు రంగులో మెరుస్తూ, కందిగింజకు కాస్త పెద్దగా ఉంటుంది. దోస, గుమ్మడి, బీర మొలకలను చిల్లులు చేసి చంపుతుంది. కాకర జోలికి అంతగా పోదు. మొక్క నాలుగైదు ఆకులు వేసే వరకే ప్రమాదం. ఆ తరువాత మొక్క తట్టుకుంటుంది. కాబట్టి గుంటకు నాలుగు గింజలు పెట్టి, బలమైనవి రెండు ఉంచుకోండి. మొలక మీద దోమతెర గుడ్డ కప్పి, అంచుల మీద మట్టి వేసి, తీగ సాగే నాటికి తీసివేయండి. తెల్లవారుజామున చలికి ఈ పురుగులు మందంగా ఉంటాయి. అప్పుడు ఏరి సబ్బునీళ్ళలో వేయవచ్చును. ఎండెక్కిన తరువాత చెయ్యి పెడితే ఎగిరిపోతాయి. మన పెద్దలు మంచు తడి ఉండగా ఆకుల మీద జల్లించిన కట్టెల బూడిద పలుచగా చల్లేవారు. అది కూడా చేయవచ్చును. వాన పడితే మళ్ళీ చల్లాలి. దీని పిల్లలు మట్టిలో ఉండి వేళ్ళు తింటాయి. పంట అయిపోగానే పాదు పీకి, నేల తిరగదవ్వి ఎండకు వదలండి. కాకులు, మైనాలు వచ్చి ఏరుకుంటాయి.

మూడవది మునగ మీద వచ్చే బొంత పురుగు. వానలు పడిన తరువాత గొంగళ్ళు కప్పుకున్నట్లు వెంట్రుకల పురుగులు మునగ మాను మీద పగలు గుంపుగా చేరి, రాత్రి ఆకంతా తిని చెట్టును బోడి చేస్తాయి. వీటి వెంట్రుకలు తగిలితే ఒళ్ళంతా దురద, దద్దుర్లు. గ్రామాలలో కాగడా పెట్టి కాల్చడం అలవాటు. పట్నంలో కరెంటు తీగలు, పక్కింటి వసారా ఉంటాయి గనుక నిప్పు వద్దు. పొడుగాటి కర్రకు చీపురు కట్టి, చిక్కని సబ్బునీళ్ళు మాను మీద చల్లి, కిందికి తోసి, సబ్బునీళ్ళ బకెట్టులో వేయండి. ముక్కుకు, మెడకు గుడ్డ చుట్టుకొని, పిల్లలను దూరంగా ఉంచి చేయవలెను.

నాలుగవది క్యాబేజి, కాలీఫ్లవరు మీది వజ్రపు మచ్చల రెక్కల పురుగు. దీని పిల్ల లేత పచ్చగా, రెండు కొనలూ సన్నగా ఉంటుంది. తాకితే తటాలున మెలికలు తిరిగి దారం మీద వేలాడుతుంది. ఈ పురుగు చరిత్ర మనకు పాఠం లాంటిది. 1950 దశకం మొదట్లోనే జావా దీవిలో ఇది డి.డి.టి.కి లొంగకుండా పోయింది. తరువాత ఎన్ని కొత్త మందులు వచ్చినా ఒకదాని వెనుక ఒకటి జీర్ణించుకున్నది. దీని మీద మందుల పందెం పెట్టుకొని గెలిచినవారు లేరు. క్యాబేజి పొలంలో 25 సాళ్ళకు రెండు సాళ్ళు ఆవాలు ఎర పంటగా వేయడం రైతులకు సిఫారసు చేసిన పద్ధతి. పెరట్లో అయితే మడి చుట్టూ గుప్పెడు ఆవాలు చల్లండి.

ఐదవది తోటకూర, పాలకూర మీది గూడు పురుగు. పచ్చని సన్న పురుగు ఆకులను దారాలతో కలిపి లోపల కూర్చుని మేస్తుంది. ఆకుకూర మీద ఏ విషమూ కొట్టకూడదు. గూళ్ళు కట్టిన ఆకులు తుంచి నలిపేయండి. మరీ ఎక్కువైతే మడి మొత్తం నేల మట్టానికి కోసి, నీరు పెట్టండి. తోటకూర పది పదిహేను రోజులలో మళ్ళీ చిగిర్చి వస్తుంది.

ఆరవది కరివేపాకు మీది సీతాకోకచిలుక పురుగు. చిన్నప్పుడు అది అచ్చం పక్షి రెట్టలా ఉంటుంది. పెద్దయ్యాక పచ్చగా మారి, తాకితే తల దగ్గర కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన కొడుతుంది. విషం లేదు, భయపడవద్దు. చిన్న మొక్కయితే ఏరివేయండి. చెట్టు పెద్దదైతే నాలుగు రెమ్మలు దానికి వదిలినా మన పోపుకు లోటు రాదు.

ఏడవది పాముపొడ. ఈ చిన్న ఈగ మన దేశానికి పాతది కాదు. 1990 దశకం మొదట్లో హైదరాబాదు పరిసరాలలోనే ఆముదం మీద గుర్తించారు. ఇప్పుడు టమాట, చిక్కుడు, దోస అన్నిటి మీద ఉన్నది. గీతలున్న అడుగు ఆకులు తుంచి పారవేయడం, వేప కషాయం చల్లడం సరిపోతుంది. అయితే టమాట ఆకులో సన్నని గీతకు బదులు వెడల్పైన బొబ్బలా ఎండి, కాయకు కూడా సూది బెజ్జాలు పడితే అది వేరు. అది 2014లో మహారాష్ట్రలో మొదట కనిపించి తరువాత మన ప్రాంతానికి వచ్చిన టమాట ఊజీ పురుగు కావచ్చును. అటువంటి ఆకు కనిపిస్తే సంచిలో పెట్టి దగ్గరి ఉద్యానశాఖ వారికి చూపించండి.

ఇక మందుల సంగతి. ఇక్కడ కూడా నా అనుభవమే ఒకటి చెప్పాలి.

చిక్కుడు పాదు పెద్దమ్మ ఇంటికే మరుసటి ఏడు ఒక ఉదయం వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టగానే ఘాటు వాసన. పెరట్లో పెద్దమ్మ ఒడిలో తోటకూర, చేతిలో కత్తి. ఆ రోజు మనుమలకు పప్పు తోటకూర వండాలని కోస్తున్నది. వాసన ఏమిటని అడిగాను. ఊరి నుంచి వచ్చిన అల్లుడు పత్తికి వాడగా మిగిలిన సగం సీసా తెచ్చి, నిన్న సాయంత్రం వంగకు కొట్టి పోయాడట. పక్కనే తోటకూర మడి. గాలి ఎటుంటే మందు అటు పడుతుంది. సీసా తెప్పించి చూశాను. ఎర్ర త్రికోణం. మోనోక్రోటోఫాస్.

"పురుగైతే చచ్చింది కద సారూ?" అన్నది ఆవిడ.

"చచ్చింది పెద్దమ్మా. ఆకు తిన్నందుకే చచ్చింది. ఇప్పుడు అదే ఆకు పిల్లలకు వండబోతున్నావు" అన్నాను.

ఒడిలోని కూర అక్కడే కింద పడింది. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చేతులకు గుడ్డలు చుట్టుకొని తోటకూరంతా పీకి, వంగ కాయలు కోసి, మేకలు తవ్వకుండా లోతుగా గుంట తీసి పూడ్చాము. కత్తిని, చేతులను, ఆవిడ కట్టుకున్న చీరను సబ్బుతో కడిగించాము. నేను ఒక గంట ఆలస్యంగా వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోవడానికి ఇష్టం ఉండదు.

ఆ అల్లుడు చెడ్డవాడు కాదు. అత్తగారికి మేలు చేద్దామనే తెచ్చాడు. పత్తి చేనులో పనిచేసింది కూరలోనూ పనిచేస్తుంది అనుకున్నాడు. కాని మోనోక్రోటోఫాసును కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. 1958లో కేరళలో పారథియాన్ అనే మందు ఓడలో ఆహార పదార్థాలతో కలిసి వచ్చి వందమందికి పైగా చనిపోయారు. ఆ తరువాతనే 1968లో మన పురుగుమందుల చట్టం వచ్చింది. 2013లో బీహారులో బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. వండిన నూనెలో ఇదే మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో తేలింది. ఇవి మరిచిపోవలసిన సంగతులు కావు.

1950, 60 దశకాలలో వ్యవసాయ పుస్తకాలు కూరగాయల మీద డి.డి.టి., బి.హెచ్.సి. పొడులు చల్లమని చెప్పేవి. అప్పటి తెలివి అంత. డి.డి.టి.ని వ్యవసాయంలో 1989లో ఆపివేశారు. బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. తాతగారి పుస్తకంలో చూశామని, అటక మీద పాత డబ్బా ఉన్నదని వాడవద్దు. పొగాకు కషాయం ఇంట్లో కాచేదే గదా అంటారు. అందులోని నికోటిన్ కూడా విషమే. పైగా పొగాకు ద్వారా టమాట, మిరపకు వైరస్ తెగులు సోకే ప్రమాదం ఉన్నది. తినే ఆకు మీద అది కూడా వద్దు.

మరి ఏం వాడాలి? మూడు చాలు.

మొదటిది సబ్బునీరు. లీటరు నీటికి 5 గ్రాముల మామూలు సబ్బు కరిగించి, ఆకు అడుగున తడిసేలా చల్లాలి. పేనుబంకకు, చిన్న మెత్తని పురుగులకు పనిచేస్తుంది. పెద్ద లద్దె పురుగుకు పనిచేయదు. ముందు ఒక మొక్క మీద చల్లి, మర్నాటికి ఆకు మాడకుంటే మిగతావాటికి చల్లండి.

రెండవది వేపగింజల కషాయం. 1962లో ఢిల్లీలో మిడతల దండు వచ్చినప్పుడు వేపపప్పు నీళ్ళు చల్లిన పైరును మిడతలు ముట్టలేదని మన శాస్త్రజ్ఞులు చూపించారు. మన వీధులలో వేపచెట్లకు కొదువ లేదు. జూన్, జులైలలో పండ్లు రాలుతాయి. గుజ్జు కడిగి, గింజలు నీడలో ఆరబెట్టి, గోనెసంచిలో గాలి తగిలేలా దాచుకోండి. 10 లీటర్ల కషాయానికి అరకిలో గింజల పప్పు దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, ఒక లీటరు నీళ్ళలో రాత్రంతా నానవేయాలి. పొద్దున మూటను పదేపదే పిండి, వడగట్టి, 10 గ్రాముల సబ్బు కలిపి, మొత్తం 10 లీటర్లకు నీళ్ళు పోసుకోవాలి. సాయంత్రం ఎండ తగ్గాక చల్లాలి. ఎండకు దీని గుణం పోతుంది. కలిపిన రోజే వాడాలి. వారం, పది రోజులకు ఒకసారి తిరిగి చల్లాలి. వేప వెంటనే చంపదు. పురుగు తిండి మానేస్తుంది, ఎదగదు. "నిన్న కొట్టినం, ఇయ్యాల ఇంకా బతికే ఉన్నది" అని వదిలేయకండి. గింజలు దొరకని వారు వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, సబ్బుతో కలిపి చల్లవచ్చును. కూర కోసిన తరువాత బాగా కడుక్కోవాలి.

మూడవది బి.టి. అనే సూక్ష్మజీవి మందు. పూర్తి పేరు బాసిల్లస్ తురింజెన్సిస్. పొడి రకమైతే సాధారణంగా లీటరుకు 1 గ్రాము. డబ్బా మీద ఉన్న మోతాదు ప్రకారం కలపండి. ఇది లద్దె పురుగులకు, క్యాబేజి పురుగుకు పనిచేస్తుంది గాని పెంకు పురుగులకు పనిచేయదు. పురుగు దాన్ని తినాలి, తిన్న కొద్ది గంటలకు మేత మానేసి, రెండు మూడు రోజులలో చస్తుంది. చిన్న పురుగుల మీదనే బాగా పనిచేస్తుంది. దీన్ని కూడా అదేపనిగా వాడవద్దు. వజ్రపు మచ్చల పురుగు దీనికీ అలవాటు పడిన సందర్భాలున్నాయి.

అమ్మకానికి పెట్టే రైతులు తప్పనిసరై రసాయన మందు కొట్టవలసి వస్తే మూడు సంగతులు చూడండి. ఆ పంట పేరు డబ్బా మీద ఉన్నదా? త్రికోణం రంగు ఏమిటి? ఎరుపు అతి తీవ్ర విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గుతాయి. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలి? ఈ రోజులు ఆగకుండా కోసి బోయిన్‌పల్లి మార్కెట్టుకు పంపిన కాయ ఎవరి పిల్లల కంచంలోకో పోతుంది. ఖాళీ సీసాలు నీళ్ళకు, నూనెకు వాడకండి. మందు మింగినట్లు అనుమానం వస్తే ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. 108కి ఫోను చేయండి.

తోటి విస్తరణ సిబ్బందికి ఒక మాట. మనల్ని పిలిచినవారు మందు పేరు కోసం పిలుస్తారు. మందు పేరు చెప్పి వస్తే మన పని అయిపోయినట్లు ఉంటుంది. కాని జేబులో ఒక భూతద్దం పెట్టుకొని, ఇంటివారితోనే ఆకు తిప్పించి, వారి కంటితోనే గుడ్లు చూపించండి. లద్దె పురుగు పక్కన బియ్యపు గింజల్లాంటి తెల్లని గూళ్ళు కనిపిస్తే అవి పురుగును చంపే చిన్న కందిరీగలవి, తీయవద్దని చెప్పండి. రాజేంద్రనగరులో 1966లో సస్యరక్షణ శిక్షణ సంస్థ పెట్టినప్పటి నుండి ఎంతోమంది అక్కడ ఈ విద్య నేర్చుకున్నారు. ఆ విద్య పెరటి గుమ్మం దాకా చేరవేయడం మన పని. పొరపాటు చెప్పి ఉంటే మళ్ళీ వెళ్ళి ఒప్పుకోండి. నేను ఒప్పుకున్నందుకే ఆ పెద్దమ్మ రెండోసారి కూడా నన్ను గుమ్మంలోకి రానిచ్చింది.

ఇప్పుడు ఆ ఇంటి మనుమలు ఉదయం పళ్ళు తోముకుంటూనే తోటలో తిరుగుతారు. నున్నని పురుగు కనిపిస్తే "మనదే" అంటారు. నూగు పురుగు కనిపిస్తే సబ్బునీళ్ళ డబ్బా తెస్తారు. కిందటి సారి వెళ్ళినప్పుడు పెద్దమ్మ నాకు ఒక కట్ట తోటకూర ఇచ్చింది. దాని ఆకులకు నాలుగైదు చిల్లులున్నాయి.

"చిల్లులున్నయని చూడకండి సారూ, పురుగు తిన్నదంటే మనం తినొచ్చని" అని నవ్వింది.

నాలుగు చిల్లులున్న ఆకు తినడానికి సిగ్గుపడనక్కరలేదు. పురుగు ఒక పాలు తీసుకుంటే మనకు తొమ్మిది పాళ్ళు మిగిలేలా చూసుకుంటే చాలు. రేపు ఉదయం లేవగానే మీ పెరట్లోకి వెళ్ళి ఒక్క వంగ ఆకు తిప్పి చూడండి.